సూట్‌కేసులో కంప్యూటర్

నెల్లూరు బస్టాండులో తోటపల్లి గూడూరు బస్సు కోసం కూర్చున్నప్పుడు, పక్కనున్న పెద్దాయన తన పాత సూట్‌కేసు తెరిచాడు. లోపల బట్టలు లేవు. చిన్న టీవీ తెర, అక్షరాలు అరిగిన కీబోర్డు, ఫ్లాపీ డ్రైవు, మోటార్‌సైకిల్ బ్యాటరీ ఉన్నాయి. పాత సామాను కొట్లలో ఏరుకొచ్చిన ముక్కలతో ఆయనే కంప్యూటర్ చేసుకున్నాడు.

"రొయ్యల గుంటల కాడ కాపలా సార్. ఈ ఏడు ఒక గుంట, వచ్చే ఏడు ఇంకోటి. అందుకే మోసుకుపోయేట్టు చేసినా," అన్నాడు.

అందులో పెట్టిన ఫ్లాపీ ఆయన భార్యది. డీటీపీ నేర్చుకునే రోజుల్లో ప్రాక్టీసు కోసం ఆమె ఇంటి సంగతులే టైపు చేసేదట. ఆమె పోయాక ఎవరో వాటిని కొత్త కంప్యూటరుకి ఎక్కించి చూస్తే, ఆమె వాడిన పాత ఫాంటు అందులో లేక అన్నీ పిచ్చి గీతలే కనిపించాయట. ఆ ఫాంటు ఈ పెట్టెలో ఉంది. ఆయన తెర వెలిగించాడు. ఒక వాక్యం చదివాను: 'ఈ పూట ఆయన అలిగి తినలేదు. చేపల పులుసు ఎత్తిపెట్టాను.'

పత్రికాఫీసులో ఆ ఫాంటులతో ఏళ్ల తరబడి కుస్తీ పట్టినవాణ్ని. ఫ్లాపీ పాడయ్యేలోపు అంతా కొత్త ఫాంటులోకి మార్చిస్తాననీ, ఫోన్లోనే చదువుకోవచ్చనీ చెప్పి నా కార్డు ఇచ్చాను.

"ఫోన్లోకి వచ్చేస్తే ఇంక ఈ పెట్టెతో నాకేం పనుంటాది సార్?" అన్నాడు. కార్డును నాలుగు మడతలు పెట్టి, ఊగుతున్న తెర కింద దోపాడు. "ఇప్పుడు కదల్లా," అన్నాడు తృప్తిగా.

ఉద్యోగం మానేశాక కొత్త నంబరు తీసుకున్నాను. ఆ కార్డు మీదున్న నంబరును మాత్రం ఆపేయకుండా ఇంకా ఉంచుకున్నాను.