రఫూ వైకుంఠం, బట్టల చిమ్మట

గౌలిపురలో రఫూ వైకుంఠం ఎవరింటికి వెళ్లినా మంచినీళ్లు అడగడు, బట్టల సందూక తెరవమంటాడు. చిరిగిన బట్టను ఆనవాలు తెలియకుండా దారంతో అల్లడం అతని వృత్తి. బట్టకు చిల్లులు తెచ్చే చిమ్మటను పట్టుకోవడం అతని పిచ్చి. పురుగులు పోతే మన పొయ్యి ఆరిపోతుందని భార్య ఆండాలు మొత్తుకున్నా వినడు.

ఒక పెళ్లిలో సరిగ్గా తాళి కట్టే వేళకు వైకుంఠం పెళ్లికొడుకు శాలువా పట్టుకుని వదల్లేదు.

"ఏంది కాకా, గీ లొల్లి?" అన్నాడు పెళ్లికొడుకు.

"జర ఆగు బిడ్డా, మడతలల్లకు ఉరికింది!"

పక్కింటి వెంకటనారాయణ కూతురు కమలకు పద్నాలుగేళ్లు. అతని చిమ్మట పాఠాలను ఓపికగా వినేది ఆమె ఒక్కతే.

"దీపం కాడ తిరిగేటివి పాపం, దొంగలు గావు. మన దొంగ బియ్యపు గింజంత ఉంటది. ఎండుగడ్డి లెక్క మెరుస్తది, నెత్తిమీద ఎర్రజుట్టు. వెలుగు సూస్తే చీకట్లకు ఉరుకుతది."

"బట్ట తినేది గదేనా?"

"గది ఏం తినదు బిడ్డా! తినేది దాని పిల్ల, తెల్లపురుగు. ఉన్ని, పట్టు అంటే పానం. నూలు దిక్కు సూడనే సూడదు."

ఒకనాడు కమల పుస్తకం చదువుతూ నాన్న ఉన్ని షేర్వాణీకి ఇస్త్రీ చేసింది. బొగ్గుల ఇస్త్రీపెట్టెలోంచి నిప్పురవ్వ పడి పెసరగింజంత చిల్లు పడింది. తల్లి విమలాదేవి చూడనే చూసింది.

"సదువుకుంట కాల్చినవా? గదే నిజమైతే రేపటిసంది బడి బంద్!"

వెంకటనారాయణ వైకుంఠాన్ని పిలిపించాడు. "పురుగా, నిప్పా? నిప్పయితే పిల్ల బడి బంద్. నువ్వే చెప్పు."

ఈ విషయంలో గౌలిపుర అంతటికీ అతని మాటే తీర్పు. ముప్పై ఏళ్లలో ఒక్కసారీ తప్పలేదు. వైకుంఠం చిల్లును బొటనవేలితో తడిమాడు. అంచు మాడి గరుకుగా ఉంది. తలెత్తి, పుస్తకాన్ని వీపు వెనక దాచుకుని నిలబడ్డ కమలను చూశాడు.

"పురుగే," అన్నాడు.

"కమురు వాసనొస్తుంది గదా?" అంది విమలాదేవి.

"మస్తు తిన్నది గద వదినా, అరగలేదు."

విమలాదేవి ఊరుకుంటుందా? ఇంట్లో సందూకలన్నీ ఎండలో బోర్లించి, దొంగను పట్టిమ్మని కూర్చోబెట్టింది. లేని చిమ్మట కోసం వైకుంఠం మూడు రోజులు మడతమడత వెతికాడు.

"కాకా, గది నిప్పే..." కమల గొణిగింది.

"చుప్! ముప్పై ఏండ్లకు పురుగు మీద దొంగసాక్ష్యం చెప్పిన. నువ్వు సక్కగ సదవకుంటే దాని ఉసురు నాకు తగుల్తది."

అది పందొమ్మిది వందల ముప్పై ఏడు నాటి మాట. ఇప్పుడు కమల ఆడపిల్లల బడిలో పంతులమ్మ. వైకుంఠానికి డెబ్బై దాటాయి. చూపు తగ్గి రఫూ మానేశాడు. ఆ బడి వెనక సందులోనే ఉంటాడు; కమల పాఠం వినిపించినప్పుడల్లా, పురుగు ఉసురు తగల్లేదని నవ్వుకుంటాడు.