పద్యానికి ముందు రెండు మాటలు

టపా నాగయ్య పద్యం చదవడానికి లేచాడంటే ముందు పీఠిక చెప్పేవాడు. పీఠిక చెప్పేవాళ్లు లోకంలో చాలామంది ఉన్నారు. వాళ్ల పీఠికలు ఎప్పుడో ఒకప్పుడు అయిపోతాయి. నాగయ్యది అయ్యేది కాదు.

కోదాడ చుట్టుపక్కల పల్లెల్లో ఉత్తరాలు పంచే ఉద్యోగం ఆయనది. ఏ సభలోనైనా "రెండే రెండు మాటలు" అని మొదలుపెట్టేవాడు. "ఈ పద్యం నాకు చిలుకూరు తొవ్వల తట్టింది. చిలుకూరు అనంగనే సైదమ్మ యాదికొస్తది. సైదమ్మ నాటేసుకుంట ఒక పాట పాడ్తది..." అంటూ ఆ పాటంతా పాడేవాడు. అక్కణ్ణుంచి తండాలో దీప్లా ఎడ్లను అదిలించే పాటకు, ఆ తర్వాత వాడపల్లి రేవులో పడవ నడిపే మంగయ్య పొడుపుకథలకు పోయేవాడు. జనం ఇంటికి పోయి, తిని, ఒక కునుకు తీసి వచ్చినా నాగయ్య ఇంకా రేవు దాటేవాడు కాదు.

మిర్యాలగూడలో ఒక పెళ్లికి ఆశీర్వాద పద్యం చదవమన్నారు. ఆయన పీఠికలో ఉండగానే అప్పగింతలయ్యాయి, బండి కదిలింది. నాగయ్య బండి పక్కన నడుస్తూ పొలిమేర దాకా చెప్పాడు. ఏడవాల్సిన పెళ్లికూతురు నవ్వుకుంటూ అత్తవారింటికి పోయింది.

నాలుగేళ్లలో ఆయన పద్యం విన్న మనిషి లేడు.

దీనివల్ల అందరికన్నా నష్టపోయినవాడు దామోదర్. సూర్యాపేట గ్రంథాలయానికి కార్యదర్శి, పైగా కవి. కార్యదర్శి తన పేరు తానే ముందు రాసుకుంటే బాగుండదని చదివేవాళ్ల పట్టీలో చివర రాసుకునేవాడు. అంత దాకా పొద్దు ఉండేది కాదు. ఉషస్సు మీద ఆయన రాసిన ఖండిక మూడు సభలకు జేబులో వెళ్లి, మూడుసార్లూ జేబులోనే తిరిగొచ్చింది.

1949 చలికాలంలో సూర్యాపేటలో పెద్ద సభ పెట్టారు. చుట్టుపక్కల కవులంతా తమ రచనలు వినిపిస్తారు. హైదరాబాదు నుంచి ఒక వకీలుగారు అధ్యక్షులుగా వస్తున్నారు. మనిషికి ఐదు నిమిషాలు, గంట మోగితే దిగిపోవాలి. 'వేదిక కవులకు మాత్రమే' అని దామోదరే కరపత్రం అచ్చు వేయించాడు. ముందురోజు నాగయ్యను దారిలో ఆపాడు.

"నాగయ్యా, ఈసారి పీఠిక లేదు."

"ఒక్క మాట సారూ..."

"అర మాట గూడ వద్దు. సీదా పద్యమే. ఒట్టెయ్యి."

"ఎవల మీద?"

"నీ టపా సంచి మీద."

నాగయ్య ముఖం చిన్నబోయింది. సంచి మీద చెయ్యి పెట్టి ఒట్టేశాడు.

మర్నాడు మధ్యాహ్నం ఆయన పేరు పిలిచారు. వేదికెక్కి, కాగితం మడత విప్పి, నోరు తెరిచాడు. మళ్లీ మూశాడు. జనం వెనక, గోడ వారన నిలబడ్డవాళ్ల వంక దిగులుగా చూశాడు.

"కానివ్వండి," అన్నారు వకీలుగారు.

నాగయ్య నుదుటి మీద చెమట తుడుచుకున్నాడు. నాలుగేళ్లుగా ఆయన ఎప్పుడు ఆపుతాడా అని ఎదురుచూసిన జనమే ఇప్పుడు "సెప్పు నాగయ్యా, సెప్పు!" అని అరవసాగారు.

గోడ దగ్గర్నుంచి ఒక ఆడమనిషి గొంతెత్తింది. "నాగన్నా, నా పేరు సెప్పకుండనే దిగుతవా? పని ఇడిసిపెట్టి చిలుకూరు నుంచి వస్తి!"

"ఒట్టేసిన సైదమ్మా," అన్నాడు నాగయ్య నీరసంగా.

పద్యం తానే చదివేసి ఈ గండం గట్టెక్కిద్దామని దామోదర్ వేదికెక్కి కాగితం అందుకున్నాడు. అందులో పద్యం లేదు. 'సైదమ్మ, నాటు పాట' అని రాసి, కింద ఆ పాట. 'దీప్లా, ఎడ్ల పాట' అని, కింద అదీ. 'మంగయ్య, పొడుపుకథలు మూడు.' అన్నిటికన్నా అడుగున, చిన్న అక్షరాల్లో: 'పద్యం – టైముంటే.'

దామోదర్ తలెత్తి గోడ వైపు చూశాడు. సైదమ్మ, పక్కన తలపాగా చుట్టుకున్న దీప్లా, మంగయ్య. ప్రతి సభకూ వచ్చి అక్కడే నిలబడేవాళ్లు. చివర్లో పంచే పుట్నాల కోసం వస్తారనుకునేవాడు ఇన్నాళ్లూ. తాను అచ్చు వేయించిన కరపత్రం గుర్తొచ్చి ఆయన చెవులు వేడెక్కాయి.

గొంతు సవరించుకున్నాడు. "పీఠిక చెప్పనని నాగయ్య ఒట్టేశాడు. నేను వెయ్యలేదు. ఆయన పీఠిక నేను చదువుతాను."

జనం గొల్లుమన్నారు. దామోదర్ మొదలుపెట్టాడు. కవి కదా, ఉన్నదున్నట్టు చదవలేక చదువుతూనే దిద్దాడు. "నడుము వంచి నాటితిని..."

"ఆగు సారూ!" సైదమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చి వేదికెక్కింది. "నాటితిని అంటే ఎవలు నాటిండ్రు? గా మాట బురదల దిగదు. జర పక్కకు జరుగు."

దామోదర్ జరిగాడు. సైదమ్మ కొంగు నడుముకు చుట్టి అందుకుంది:

"నడుమొంగి నాటేస్తి నాలుగు మళ్ల పొలము,
మబ్బన్న నా ఎనుక నీళ్ల మడవ తిప్పి రావో..."

వకీలుగారి చెయ్యి గంట మీదే ఉండిపోయింది. తర్వాత దీప్లా పాడాడు. ఆ తర్వాత మంగయ్య వేసిన మూడు పొడుపుకథలకూ వకీలుగారు మూడు తప్పు జవాబులు చెప్పి, ఇంకొకటి వెయ్యమని పట్టుబట్టారు. ఉషస్సు సంగతి దామోదర్‌కు గుర్తేలేదు.

సభ ముగిశాక ఆయన నాగయ్యను పక్కకు పిలిచాడు. "ఇప్పుడన్నా నీ పద్యం చదువు. నేనొక్కణ్ణే వింట."

నాగయ్య అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "లేదు సారూ."

"లేదా?"

"నాకు పద్యం రాసుడు ఏడొస్తది? పద్యం ఉన్నదంటేనే గద మీరు ఎక్కనిస్తిరి."

దామోదర్‌కు నవ్వాగలేదు. "మరి నాలుగేండ్లు ఎవలకూ దొరక్కుండ ఎట్ల ఎల్లదీసినవయ్యా?"

"గందుకే గద సారూ, పీఠిక గంత పొడుగు!"