చదవకుండా వదిలేసిన వాక్యం

నరసరావుపేటలో మా వంటింటి నేల నాపరాళ్ళది. ఎండాకాలం సాయంత్రాలు ఒక బకెట్టు నీళ్ళు పోసి కడిగితే, పగలంతా వేడెక్కిన రాయిలోంచి ఒక వాసన లేస్తుంది. తొలివానకు చేలో వచ్చే మట్టివాసన కాదది. కాస్త సున్నం, కాస్త ఇనుము కలిసినట్టుండే పొడి వాసన. అది వచ్చినప్పుడల్లా చీపురు గోడకానించి కాసేపు ఊరికే నిలబడతాను. ఈ రాళ్ళు మా ఊరి మెరకవి.

మా ఊరు గురజాలకు దగ్గర. బస్సులో వచ్చేవాళ్ళకు అటూ ఇటూ పత్తి, మిరప చేలు తప్ప ఏమీ కనపడవు, మబ్బు లేని రోజున మాత్రం బాగా దూరంగా నల్లమల కనిపిస్తుంది. బల్లపరుపు నేల అనుకుంటారు. చాలావరకు అది నిజమే. కాని మా పొలానికీ డాంబరు రోడ్డుకీ మధ్య ఒక రాళ్ళ మెరక ఉండేది. తాటిచెట్టు ఎత్తు కూడా ఉండదు. పిల్లలం దాని మీద పలచటి రాతి పెచ్చులు ఏరుకొచ్చి తొక్కుడుబిళ్ళ ఆడుకునేవాళ్ళం. వానాకాలంలో రాళ్ళ సందుల్లో పెరిగే తుమ్మికూర అమ్మ కోసుకొచ్చి పప్పులో వేసేది. మాఘమాసం నుంచి ఉగాది దాకా మాత్రం మెరక అవతల కల్లంలోనే మా బతుకంతా. ఎర్రగా ఆరబోసిన మిరపకాయలు, గోనెసంచుల పీచు వాసన, తుమ్ములు, ఆ ఘాటు చేతులతో కళ్ళు నులుముకుని ఏడవటం, మజ్జిగన్నంలో నంజుకునే పండుమిరప పచ్చడి, ఉగాది రోజున కూడా అమ్మ గిన్నెకు గుడ్డకట్టి కల్లానికే తెచ్చే బొబ్బట్లు. బొబ్బట్టు కూడా కొంచెం కారంగానే ఉండేది, తినే చెయ్యి అలాంటిది మరి.

కల్లం నుంచి రోడ్డు మీది లారీ దాకా బస్తాలు తోలేది వీరయ్య బాబాయ్. చుట్టం కాదు, మా వీధి చివర ఉండేవాడు, వరసకి అలా పిలిచేవాళ్ళం. ఆయనకు సెంటు భూమి లేదు. ఒక బండి, రెండు ఎడ్లు. నల్లటి దాన్ని నల్లోడనీ, మైలరంగు దాన్ని మైలోడనీ పిలిచేవాడు. మనుషులతో కన్నా వాటితోనే ఎక్కువ మాట్లాడేవాడు. నేను బండెక్కి కూర్చుంటే ఏమీ అనేవాడు కాదు గాని, మెరక మొదట్లోకి రాగానే పగ్గాలు బిగించి ఆపేవాడు.

"దిగు పాపా, మెరకొచ్చింది. నువ్వు దిగితే మైలోడు దణ్ణం పెట్టుకుంటాడు."

దిగాక నాకొక పని ఉండేది. గుమ్మడికాయంత రాయి పట్టుకుని బండి వెనకాల నడవాలి. సగం ఎక్కాక ఎడ్లు ఊపిరి తీసుకోవటానికి ఆగితే, చక్రం వెనక్కి దొర్లకుండా ఆ రాయి పెట్టాలి. మూడేళ్ళు ఆ పని చేశాను. అందుచేత ఆ మెరక ఎంత ఎత్తో మా ఇంట్లో నాన్న కన్నా నాకే బాగా తెలుసు. ఇది ముందే చెప్పటం మంచిది.

నేను ఏడో తరగతి చదివే ఏడు, బస్తాలు కుట్టటం పూర్తయిన రోజున మధ్యాహ్నానికి మబ్బు పట్టింది. తడిస్తే కాయ నల్లబడి ఏడాది కష్టం పోతుంది. రోడ్డు మీద లారీ వాడు హారన్ కొడుతున్నాడు. పాతిక బస్తాలూ ఒకేసారి ఎత్తమన్నాడు నాన్న. వీరయ్య బాబాయ్ బండి పక్కనే నిలబడి కదల్లేదు.

"పదిహేనుకి మించితే ఎడ్లు లాగవన్నా. మెరకుంది గదా. రెండు తడవలు ఏద్దాం."

"ఏంది వీరయ్యా, కొండెక్కుతున్నట్టు చెప్తావు? కొండంటే కోటప్పకొండ. ఇదేం కొండ?"

"లాగేవాడికి కొండేనన్నా. నన్ను కాదు, మైలోణ్ణి అడుగు."

కూలీలు నవ్వారు. నాన్న కూడా నవ్వాడు. "ఎద్దునెందుకులే, చదువుకునేదాన్నే అడుగుదాం. ఏమే, మన ప్రాంతం గురించి మీ పుస్తకంలో ఏం రాశారు? కొండలా, మైదానమా?"

పరీక్షలని సోషల్ పుస్తకం కల్లానికే తెచ్చుకున్నాను. పేజీ తీసి గట్టిగా చదివాను. "ఈ ప్రాంతంలో ఎక్కువ భాగం మైదానం."

దాని కిందే రెండో వాక్యం ఉంది. "అక్కడక్కడ గుట్టలు, రాతి మెరకలు కలవు." నా వేలు దాని మీదే ఉంది. కాని మొదటి వాక్యానికే నాన్న తొడ చరిచి, "విన్నావా, గవర్నమెంటు పుస్తకమే చెప్పింది," అన్నాడు. అందరూ నా వైపు చూశారు. అంతమంది నా చదువు మెచ్చుకోవటం అదే మొదటిసారి. పుస్తకం మూశాను. వీరయ్య బాబాయ్ నా వంక ఒకసారి చూసి, బస్తాకి భుజం పట్టాడు.

మెరక సగం ఎక్కాక బండి ఆగింది. నేను రాయి పెట్టాను. ఆ బరువుకి రాయి నిలవలేదు, కీచుమంటూ బండ మీద జారింది. బండితో పాటు ఎడ్లు వెనక్కి వచ్చాయి. మైలోడి కాలు రెండు బండల మధ్య నెర్రెలో ఇరుక్కుంది. ఆ విరిగిన చప్పుడు దేనితోనూ పోల్చను. నాన్న పరిగెత్తుకొచ్చి మోకులు కోశాడు, బస్తాలన్నీ దొర్లాయి, అందరూ అరుస్తున్నారు. వీరయ్య బాబాయ్ మాత్రం మైలోడి తల ఒళ్ళో పెట్టుకుని దాని చెవి వెనక నిమురుతూ కూర్చున్నాడు.

ఆ రోజు వాన పడలేదు.

ఇంకో ఎద్దుని చూద్దామని నాన్న చాలాసార్లు అన్నాడు. "జోడు కుదరదులే అన్నా," అని నల్లోణ్ణి అమ్మేసి, బండి కూడా ఇచ్చేసి, బాబాయ్ రాతిపనికి పోయాడు. కొన్నేళ్ళకి ఆ మెరక మీదే నాపరాయి తవ్వటం మొదలైంది. ఎడ్లని ఎక్కించిన మనిషే సుత్తీ ఉలీ పట్టుకుని దాన్ని పలకలుగా విడదీశాడు.

నేను టీచరునయ్యాను, సోషల్‌కే. ఉద్యోగం చేసినన్నేళ్ళూ ఆ పాఠం వచ్చినప్పుడు రెండో వాక్యాన్ని పిల్లల చేత రెండుసార్లు చదివించేదాన్ని. ఎందుకని ఎవరూ అడగలేదు. ఆ వాక్యం వినాల్సిన మనిషి ఆ గదిలో లేడు.

ఈ ఇల్లు కట్టేటప్పుడు నాన్న ఊరి నుంచి ట్రాక్టరు మీద రాళ్ళు పంపాడు. దింపటానికి బాబాయ్ వచ్చాడు. జుట్టంతా తెల్లబడింది, దగ్గుతున్నాడు. ఒక్కో పలకనూ వేలి కణుపుతో తట్టి, చప్పుడు విని, గోడకి చేర్చాడు.

"ఏం చెప్తావు పాపా బళ్ళో?"

"సోషల్, బాబాయ్."

"సోషలా." ఇంకో పలక తట్టి, "మన మెరకుందా అందులో?" అన్నాడు.

"ఉంది."

"ఉంటే మంచిదే. అక్కడైతే ఇంకో రెండేళ్ళకి ఉండదు."

అప్పుడు చెప్పాల్సింది. ఆ రోజు కూడా ఉంది బాబాయ్, నేనే చదవలేదు, అనాల్సింది. నోటిదాకా వచ్చింది. "టీ తాగుతావా?" అన్నాను. తాగాడు, గ్లాసు కడిగి బోర్లించి వెళ్ళాడు. ఆయనకు గుర్తుండి అడిగాడో, మామూలుగా అడిగాడో నాకు తెలియదు. ఇక తెలుసుకునే వీల్లేదు. నాన్న ముందే పోయాడు. పోయిన నెల, ఆ దగ్గుతోనే చానాళ్ళు మంచాన ఉండి, వీరయ్య బాబాయ్ కూడా పోయాడు.

పెద్దకర్మకి వెళ్ళాను. గురజాలలో ఆటో ఎక్కి, మెరక దగ్గర ఆపమని డ్రైవరుకి చెప్పాను. పాతికేళ్ళ కుర్రవాడు, మా ఊరివాడే.

"ఏ మెరకండీ? ఇక్కడంతా చదునేగా."

నిజమే. తవ్విన గుంటలు పూడ్చి పైన రోడ్డు వేశారు. ఆటో గేరు మార్చే పని కూడా లేదు. ఆ రోజు నేను చదివినట్టే ఉంది నేల. కల్లం ఉన్న చోటు చూసుకుని, అంచనా వేసుకుని, ఆపమన్నాను.

"దిగుతాను."

"ఊరింకా ముందుందమ్మా. ఎందుకు దిగటం?"

"ఇక్కడ దిగాలి," అన్నాను. చదును నేల మీద ఆ కాస్త దూరం నడిచాను. ఆటో నా వెనకాల మెల్లగా వచ్చింది.

తిరిగొచ్చిన సాయంత్రం వంటిల్లు కడిగాను. మెరక రాళ్ళే అయినా పోసిన నీళ్ళు ఎటూ పారలేదు, పోసిన చోటే నిలబడ్డాయి. చీపురుతో తొయ్యాల్సి వచ్చింది.