చప్పట్ల కుళ్ళాయప్ప కట్టిన పాటల మిద్దె

గోరంట్ల ఓవర్సీరు కుళ్ళాయప్పకు ఒకే ఒక్క జబ్బు. ఏ ఇంట్లో అడుగుపెట్టినా ముందు నమస్కారం పెట్టడు, చప్పట్లు కొడతాడు. టప్ టప్‌మని రెండు కొట్టి, తల పక్కకు వాల్చి, గోడలు ఏం బదులిస్తాయో వింటాడు. ఆ తర్వాతే ఆయన కంటికి మనుషులు ఆనుతారు.

మేనకోడలికి సంబంధం చూడబోయి చప్పట్లు కొట్టి, "ఈ ఇల్లొద్దు, పడసాల గుయ్యిమంటాండాది" అన్నాడు. పరామర్శకు పోయిన చోటా కొట్టాడు. ఏడ్చేవాళ్ళు ఆగి చూశారు. "ఏడ్వండమ్మా, ఈ మిద్దెలో బాగా పలుకుతాది" అని మెచ్చుకుని వచ్చాడు.

అలాంటి మనిషికి, ఉద్యోగం నుంచి రిటైరు కాగానే, 1958లో ఊరి సంగీత పాఠశాల కమిటీ కొత్త బిల్డింగు కట్టే పని అప్పజెప్పింది. అక్కడి పాటల టీచరు భద్రమ్మకు భయం పట్టుకుంది. టైఫాయిడ్ తగ్గాక ఆమె గొంతులో శ్రుతి మిగిలింది, సత్తువ పోయింది. ఇప్పుడు పాఠాలు నడిచే రేకుల కొట్టంలో వెనక వరస పిల్లలకు పాట అందడం లేదు. "కొత్త బిల్డింగులోనూ ఇనపడకుంటే వేరే టీచర్ని పిలిపిస్తాం" అని కమిటీ పెద్ద శ్రీరంగప్ప మొహం మీదే చెప్పేశాడు. పాట తప్ప ఆమెకు వేరే బతుకు తెలియదు.

శ్రీరంగప్పకు సినిమా హాలంత వెడల్పు, పైన రేకులు కావాలి.

"రేకులొద్దు. వాన పడితే పాట ఇనపడదు" అన్నాడు కుళ్ళాయప్ప.

"వానా? మన సీమలోనా? యాడ చూసినావప్పా?"

కమిటీ అంతా కడుపు పట్టుకుని నవ్వింది. కుళ్ళాయప్ప మాత్రం పట్టు వదల్లేదు.

చివరికి ఊళ్ళో ఇళ్ళ మాదిరే, పైన మందంగా మట్టి పరిచే మట్టి మిద్దె ఖాయమైంది. టీచరు వెనక నున్నటి బండల గోడ, గొంతును ముందుకు తోసేలా, దోసిలి పట్టినట్టు వంపుగా ఉంటుంది. ఎదుటి గోడలో ధాన్యం దాచుకునే పెద్ద మట్టి కాగులు పొదుగుతారు. మూతి గదివైపు పెడితే మోతను అవి మింగేస్తాయట. వాటికోసం కుళ్ళాయప్ప ఇంటింటికీ తిరిగాడు.

"ఖాళీవే కావాల పెద్దక్కా."

"కరువులో వేరేవి యాడుంటాయన్నా? మావి పోయినేడు నుంచీ ఖాళీగా ఉండేది సాధన చేస్తాండాయి" అంది పెద్దక్క.

గోడ లేచేకొద్దీ భద్రమ్మకు కష్టాలు మొదలయ్యాయి. సాయంత్రమైతే కుళ్ళాయప్ప ఆమెను వంపులో కూర్చోబెట్టి, తాను ఆ చివర నిలబడేవాడు.

"పాడు తల్లీ."

ఆమె ఉన్న బలమంతా పెట్టి పాడేది.

"గట్టిగా వద్దు! నీ గొంతు ఎంతుండాదో అంతే!"

మరునాడు బండలు పీకించి, వంపు మార్చి మళ్ళీ కట్టించేవాడు. తన లోపాన్ని ఊరికి చాటుతున్నాడని ఆమె లోలోపల కుమిలిపోయింది. ఒకసారి ఎదురుపడితే మొహం తిప్పుకుంది కూడా. ఆయన గమనించలేదు. చప్పట్లు కొడుతున్నాడు.

ప్రారంభం నాడు, ఏ దేవుడికి జాలి కలిగిందో, వాన దంచికొట్టింది. శ్రీరంగప్ప పరీక్ష చేయడానికన్నట్టు చిట్టచివర కూర్చున్నాడు. భద్రమ్మ ఉన్న గొంతుతోనే పాట ఎత్తుకుంది. మట్టి మిద్దె వాన చప్పుడును లోపలికి రానివ్వలేదు. రెండో చరణానికి శ్రీరంగప్ప తొడ మీద తాళం వేయడం ఆమెకు కనబడింది.

పాట అయ్యాక శ్రీరంగప్ప లేచి కుళ్ళాయప్పను అడిగాడు. "ఏమప్పా, ఈ గది ఎవురి గొంతుకు కొలిచి కట్టినావు?"

"మన టీచరమ్మ గొంతుకే. అట్లాంటి గొంతు మల్లా యాడ దొరుకుతాది? గోడదేముండాది, పీకి మల్లా కట్టుకోవచ్చు."

ఇన్నాళ్ళూ పీకించిన బండలన్నీ తనకోసమేనని భద్రమ్మకు అప్పుడు తెలిసింది. కళ్ళు తుడుచుకుని దండం పెట్టబోయింది. అంతలో కుళ్ళాయప్ప అలవాటు కొద్దీ టప్ టప్‌మని రెండు కొట్టాడు. అది పాటకే అనుకుని హాలంతా చప్పట్లు అందుకుంది.

"ఆపండప్పా! జనం నిండినాక గోడ ఏమంటాదో ఇంటాండా!" అని అరిచాడు.

ఎవరూ ఆపలేదు. భద్రమ్మ అయితే ఆయనవైపే తిరిగి, అందరికంటే గట్టిగా కొడుతోంది.