ఎర్త్ బోల్టు కింద పెయింటు

షెడ్డులో అందరూ అతన్ని చిటపట అనే పిలుస్తారు. కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది. "నోరు మంచిదైతే ఊరు మంచిది" అని పెళ్లైన కొత్తలో భార్య చెప్పి చూసింది, తర్వాత ఆమే విసిగి మానేసింది. లారీల కరెంటు పని మీద బతికే ఆ మనిషికి ఉన్నది ఒకటే పట్టుదల: మీటరు పెట్టి కొలవకుండా ఏ పార్టూ విప్పకూడదు. "ఆల్టర్నేటర్ మార్చేస్తే పోలా?" అని ఎవడైనా అన్నాడా, వాడి పని అయినట్టే.

ఆ ఉదయం ఓ పెద్ద లారీని తాడు కట్టి షెడ్డుకు లాక్కొచ్చారు. దాన్ని నడిపేది అతని బావమరిదే, భార్యకు సొంత తమ్ముడు. వెనకే ఓనరు దిగాడు.

"బ్యాటరీలు మళ్లీ చచ్చాయి మేస్త్రీ. అవీ కొత్తవే, ఆల్టర్నేటరూ కొత్తదే. వీడు రాత్రంతా కేబిన్లో ఫ్యాను వేసుకుని పడుకుంటాడు. ఇవాళ్టితో తాళాలు ఇచ్చేయమన్నాను. ఇలాంటివాణ్ని పెట్టుకోవద్దని మిగతా ఓనర్లకూ చెప్తాను."

బావమరిది తల దించుకుని నిలబడ్డాడు. ఆ వంచిన తల చూసేసరికి చిటపటకి ఒళ్లు మండిపోయింది.

"నోట్లో నాలుక లేదురా నీకు? వేశావా ఫ్యాను?"

"లేదు బావా. అది పాడై చాన్నాళ్లయింది."

"మరి ఆ ముక్క ఆయనకి చెప్పవేం?"

"చెప్పాను. వినలేదు."

ఓనర్ని ఏమీ అనలేక, అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు, చిటపట టైరును ఒక్క తన్ను తన్నాడు. తర్వాత వేరే బ్యాటరీలు తగిలించి ఇంజను స్టార్ట్ చేయించాడు. లైట్లూ వైపర్లూ అన్నీ వేయించాడు. కరెంటు తయారుచేసే ఆల్టర్నేటర్ దగ్గర మీటరు ఇరవై ఎనిమిది వోల్టులు చూపించింది. బ్యాటరీ దగ్గర ఇరవై అయిదు దాటలేదు. తయారైన కరెంటు దారిలోనే ఎక్కడో పోతోంది. ప్లస్ వైరు పొడవునా కొలిచాడు, దానికేం రోగం లేదు. ఇక మిగిలింది ఇనుప చాసిస్ గుండా కరెంటు తిరిగొచ్చే దారి. మీటరు ఒక కొన ఆల్టర్నేటర్ బాడీకి, ఇంకో కొన బ్యాటరీ మైనస్‌కి ఆనించాడు. సున్నాకి దగ్గరగా ఉండాల్సిన చోట దాదాపు మూడు వోల్టులు!

ఇంజను ఆపించి, చాసిస్ కిందికి దూరి, ఆ దారిని కలిపే ఎర్త్ వైరు బోల్టు విప్పాడు. వైరు కొన ఆనాల్సిన చోట ఒట్టి ఇనుము లేదు. నిగనిగలాడే నీలం పెయింటు ఉంది.

"ఈ రంగు ఎవరు వేయించారు సార్?" అని అరుస్తూ బయటికొచ్చాడు.

ఓనరు గొంతు తగ్గింది. "నేనే. మొన్న బండంతా పెయింట్ చేయించాను. సందులు కూడా వదలొద్దన్నాను."

"వదల్లేదు. ఎర్త్ వైరు విప్పి, రంగు కొట్టి, దాని మీదే బిగించారు. పెయింటులోంచి కరెంటు ఎలా పోతుంది? తప్పు మీది, కొట్టేది వీడి పొట్టా?"

ఆ చోట రంగంతా గీకి, ఇనుము తేలేదాకా గరుకు కాగితంతో రుద్దాడు. మెరుపు తేలింది.

"సరే, దొరికిందిగా. తొందరగా బిగించు, లోడు ఎక్కించాలి" అన్నాడు ఓనరు.

చిటపట బోల్టు జేబులో వేసుకున్నాడు. "ఇందాక షెడ్డంతా వినేట్టు తిట్టారు. ఇప్పుడూ షెడ్డంతా వినేట్టు చెప్పండి. అప్పుడు బిగిస్తా."

ఓనరు చుట్టూ చూశాడు. పనులు ఆపి అందరూ ఇటే చూస్తున్నారు. ముఖం ఎర్రబడింది. చివరికి డ్రైవరు వైపు తిరిగి, "నీ తప్పేం లేదయ్యా. తాళాలు నీ దగ్గరే ఉంచుకో" అన్నాడు గట్టిగానే.

బావమరిది తల ఎత్తాడు.

"ఆ ఫ్యాను కూడా బాగు చేయించండి."

ఓనరు బోల్టు కోసం చిటపట వైపు చూశాడు. బోల్టు పట్టుకున్న చిటపట చెయ్యి జేబులోంచి బయటికి రాలేదు.