మైకు ఆపే చెయ్యి

మా మేనమామ పోయిన వారం కన్నుమూశారు. పొద్దున ఛాయ్ తాగి, కప్పు అత్త చేతికిచ్చి, కాసేపు నడుం వాలుస్తానని పడుకున్నారు. మళ్లీ లేవలేదు. మెదక్‌లో ఆయన పేరు తెలియనివాళ్లు ఉంటారేమో గానీ గొంతు తెలియనివాళ్లు లేరు. బట్టల దుకాణం తెరిచినా, దవాఖానకు కొత్త డాక్టర్ వచ్చినా మైకు కట్టిన ఆటోలో కూర్చుని ఊరంతా చెప్పింది ఆయనే.

హైదరాబాద్‌లో ఉద్యోగం పోయి నేను ఇంట్లో దిగాలుగా కూర్చున్నప్పుడు ఆయనే పిలిచారు. "ఏం బిడ్డా, నీకు రాసుడొస్తది గదా. దుకాణపోళ్లది ఏం చెప్పాల్నో నువ్వు రాయి, నేను చెప్త." అలా మొదలైంది నా సొంత పని. ప్రకటన మాటలు రాయడం, ఏ దుకాణం ఎవరిని పిలవాలో, ఆటో ఏ ఊరికి ఎప్పుడు పోవాలో ఆలోచించి పెట్టడం. ఒక్కదాన్నే అన్నీ చేయలేక ఏఐని తోడు తెచ్చుకున్నాను. నాకంటే తొందరగా మామకే దానితో దోస్తీ కుదిరింది.

ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని, "సారు, జర గీ మిఠాయి దుకాణం ముచ్చట మంచిగ రాయుండ్రి" అనేవారు.

"మిషన్‌ను సారు అంటవేంది మామా?"

"పని జేసెటోన్ని సారు అంటె మనదేం పోతది?"

అది రాసింది నాతో గట్టిగా చదివించుకునేవారు. మొదటిసారి "విచ్చేసి మా సేవలను వినియోగించుకోగలరు" అని వస్తే పడీ పడీ నవ్వారు. "గిది కలెక్టరాఫీసు నోటీసు లెక్కున్నది. మనోళ్లు మాట్లాడుకున్నట్టు రాయమను." చెబితే మార్చేది. పక్కనున్న హవేలిఘనపూర్‌కు పగలు పొమ్మని ప్లాన్ ఇచ్చినప్పుడు, నాట్ల రోజులు, ఇళ్లల్లో ఎవరూ ఉండరు అని మామ అంటే సాయంత్రానికి మార్చింది. "చెప్తె ఇంటది బిడ్డా, మీ అత్త లెక్క గాదు" అని అత్తకు వినపడేలా అనేవారు.

కొన్నాళ్లకు మామ గొంతు పాడైంది. ఇక మైకు పట్టొద్దన్నాడు డాక్టర్. ఏఐ గొంతుతో ప్రకటన తయారుచేసి, పెన్‌డ్రైవ్‌లో వేసి ఆయనకు వినిపించాను. మస్తుగుందన్నారు. తర్వాత మెల్లగా, "మరి ఆటోల ఇగ నేనెందుకు బిడ్డా?" అన్నారు. పని పోతే ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఉండబట్టలేక, తోడుగా కూర్చోమని డ్రైవర్ పక్కన ఎక్కించాను.

చావు జరిగిన ఇంటి ముందు మైకు ఆపడం మామ పద్ధతి. చర్చిలో ప్రార్థన వేళ, మసీదులో నమాజు వేళ కూడా అంతే. కానీ పెన్‌డ్రైవ్‌తో తిరిగిన మొదటి రోజు ఆ కొత్త గొంతును మురిసిపోతూ వింటూ ఉండిపోయారు. టెంటు కింద జనం ఏడుస్తున్న ఇంటి ముందు నుంచి బిర్యానీ హోటల్ ప్రకటన "పండుగే పండుగ, కడుపునిండ తినుండ్రి" అంటూ వెళ్లిపోయింది. మామ ఆటో ఆపించి, వెనక్కి నడిచి వెళ్లి, ఆ ఇంటి పెద్దకు చేతులు జోడించారు. తిరిగొచ్చి వాల్యూమ్ బటన్ మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నారు.

"చెప్పనీకె అది ఉన్నది బిడ్డా. ఆపనీకె మనిషి కావాలె."

ఆ నౌకరీనే చివరిదాకా హాయిగా చేశారు. ఆటో అడ్డాలో మాకు పోటీగా తిరిగే డ్రైవర్లకు కూడా ఛాయ్ తాగించి మరీ ఈ పద్ధతి చెప్పేవారు. "పోటీ దుకాణాలకు. ఇండ్లకు కాదు" అనేవారు. ఆయన నాకు పని చూపించారు. నా పనిలో ఆయనకూ చోటు దొరికింది. అది తలచుకుంటే ఈ దుఃఖంలోనూ తృప్తిగానే ఉంది.

ఆయన పోయిన రోజు అందరం ఇంటి ముందు టెంటు కింద కూర్చున్నాం. వీధి చివరి నుంచి చీరల తగ్గింపు ప్రకటన వినిపించింది. తడబాటు లేని మిషన్ గొంతు, మా పోటీవాళ్ల ఆటో. దగ్గరవుతుంటే ఆపమని చెప్పడానికి లేవబోయాను. మా టెంటు కనబడేచోట ఆ గొంతు సగం మాటలో ఆగిపోయింది. ఆటో నెమ్మదిగా మా ముందు నుంచి కదిలింది. డ్రైవర్ చెయ్యి బటన్ మీదే ఉంది.

అత్త తలెత్తి చూసింది. "మీ మామనే ఆపిండు" అంది.

ఆటో మలుపు తిరిగింది. ఆ తర్వాతే చీరల ముచ్చట మళ్లీ మొదలైంది.