పసుపు దారం కట్టిన తాళం

గాజువాకలో బస్సెక్కి కూర్చోగానే మెకానిక్‌కి ఫోన్ చేశాను. వారం కిందట సెకండ్ హ్యాండులో కొన్న టర్బో కారు అతని షెడ్డులోనే ఉంది. దాని గురించి నాకేమీ తెలియదు, అడగాల్సినవి మాత్రం బోలెడు. ఇంజినుకి జోరిచ్చే బూస్ట్ ఎంత పెంచొచ్చు? ఆయిల్ ఎన్నాళ్లకి మార్చాలి? చివరికి, "బ్రేకులు తర్వాత సూసుకుందాంలే బావా" అని పెట్టేశాను.

పక్క సీట్లో యాభై దాటిన మనిషి కూర్చున్నాడు. గోళ్ల సందుల్లో గ్రీజు నలుపు. చేతిలో ఒక కారు తాళం, దానికి పసుపు దారం కట్టి ఉంది.

"టర్బో బండా?" అన్నాడు.

"అవునండి. బూస్ట్ పెంచితే ఏటవుద్దండి?"

"ఏటీ అవదు. యారాడ కొండ ఎక్కినప్పుడు సరదాగానే ఉంటాది." చేతిలో తాళం వైపు చూసి, "దిగినప్పుడే తెలుస్తాది," అన్నాడు.

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

"నీ వయసోడే, ఒకడికి నానే పెంచినాను. గుడికాడ పూజ సేయించి, తాళానికి పసుపు దారం కట్టించాడు. నాలుగు సక్రాల కిందా నిమ్మకాయలెట్టి తొక్కించాడు. బ్రేకులు వొచ్చే నెల సూసుకుందాం అన్నాడు. నాను సరే అన్నాను."

"ఆ కారు ఇప్పుడెక్కడుందండి?"

ఆయన తాళాన్ని గుప్పిట్లో బిగించాడు. వేళ్లు తెల్లబడేదాకా బిగించాడు. సింధియా స్టాపు రాగానే దిగిపోయాడు.

మర్నాడే బ్రేకులు మార్పించాను. బూస్ట్ మాత్రం ఇప్పటికీ పెంచలేదు. ఎందుకని మెకానిక్ అడిగినప్పుడల్లా, తీరిక దొరకడం లేదంటాను.